పైకొచ్చే పిల్ల

ముందే చెప్తున్నా, ఇందులో సినిమా కథ చివరిదాకా చెప్పేస్తా. చూడాలనుకునేవాళ్లు ఇక్కడే ఆపేసి, చూసొచ్చి చదవండి. ఇంకో మాట. ఇది లైంగిక హింస గురించిన సినిమా. ఆ విషయం చదవడం కష్టంగా ఉంటే ఈ పేజీ దాటేయండి, ఏం ఫర్వాలేదు.

సినిమా పేరు ‘ప్రామిసింగ్ యంగ్ ఉమన్’. ఎమరాల్డ్ ఫెనెల్ రాసి, డైరెక్ట్ చేసిన మొదటి సినిమా. 2020 జనవరిలో సండాన్స్ ఫెస్టివల్‌లో వేశారు, ఆ ఏడాది డిసెంబర్‌లో అమెరికా థియేటర్లలోకి వచ్చింది. 2021 ఆస్కార్లలో ఐదు నామినేషన్లు, అందులో ఒరిజినల్ స్క్రీన్‌ప్లేకి అవార్డు వచ్చింది.

ఆ పేరుని తెలుగులో ఏమనాలా అని చాలాసేపు కొట్టుకున్నా. మనది ఇంగ్లీష్ మీడియం బ్యాచ్ కదా, డిక్షనరీ తీస్తే ‘ఆశాజనకమైన’ అని ఉంది. ఆశాజనకమైన యువతి! రుతుపవనాల వార్త చదివినట్టుంది. అమ్మమ్మకి ఫోన్ చేసి అడిగా. "చదువుకుని బాగుపడేలా ఉందంటావా? పైకొచ్చే పిల్ల అను" అంది, ఒక్క సెకన్ ఆలోచించకుండా.

పైకొచ్చే పిల్ల. సరిగ్గా అదే. కానీ ఫోన్ పెట్టేశాక ఒకటి తట్టింది. ఈ మాట నేను ఎక్కువగా అమ్మాయిల గురించి వినలేదు. "పైకొచ్చే కుర్రాడండీ, వాడి జీవితం పాడు చేయకండి" అనే వాక్యంలోనే విన్నా. ఆ వాక్యం ఎలాంటి సందర్భంలో వస్తుందో మీకూ తెలుసు. సినిమా అంతా ఆ వాక్యం మీదే నడుస్తుంది.

కథలో హీరోయిన్ కాసీ. పూర్తి పేరు కసాండ్రా. కేరీ మల్లిగన్ చేసింది. ముప్ఫై ఏళ్లు, అమ్మానాన్నల దగ్గరే ఉంటుంది, ఒక కాఫీ షాపులో పని చేస్తుంది. ఒకప్పుడు మెడికల్ కాలేజీలో టాపర్లలో ఒకతి, మధ్యలో మానేసింది. వారానికొకసారి ఒంటరిగా క్లబ్‌కి వెళ్లి, ఒళ్లు తెలియనంత తాగినట్టు నటిస్తుంది. ప్రతిసారీ ఎవడో ఒక మంచి కుర్రాడు దగ్గరికొస్తాడు. "అయ్యో, ఇలా ఉంటే ఎలా, ఇంటి దగ్గర దింపుతా" అంటాడు. తీసుకెళ్లేది మాత్రం వాడి గదికి. ఆమె ‘వద్దు, ఇంటికి వెళ్లాలి’ అని గొణుగుతున్నా చేతులు ఆగవు. అప్పుడు కాసీ ఒక్కసారిగా నిటారుగా లేచి, మత్తు లేని గొంతుతో, నువ్విప్పుడు చేస్తున్న పనేంటి అని అడుగుతుంది.

అంతే. కత్తి లేదు, తుపాకీ లేదు. ఒక ప్రశ్న. ఆ ప్రశ్నకి వాళ్ల ముఖాలు చూడాలి! అప్పటిదాకా స్పృహ లేని మనిషి మీద చేతులు వేయడానికి భయపడనివాడు, ఆమె స్పృహలో ఉందని తెలియగానే వణికిపోతాడు. ‘నేను మంచివాణ్ని’ అని వాడే చెప్పుకుంటాడు. ఇదే ఈ సినిమాలోని వ్యంగ్యం. ఆ అబ్బాయిని విలన్‌గా చూపించదు, వాడు తన గురించి తాను చెప్పుకునే కథని మనకి వినిపిస్తుంది, అంతే.

నటుల ఎంపిక కూడా ఇందులో భాగమే. ఆడమ్ బ్రోడీ, మ్యాక్స్ గ్రీన్‌ఫీల్డ్, క్రిస్టఫర్ మింట్జ్-ప్లాస్, బో బర్నమ్... వీళ్లంతా అమెరికన్ సిరీస్‌లలో, కామెడీల్లో మనం ఇష్టపడిన ముఖాలు. వీళ్లు తెర మీదికి రాగానే మనకి తెలియకుండానే నమ్మేస్తాం. మన దగ్గర అయితే ‘పక్కింటి కుర్రాడు’ పాత్రలు వేసేవాళ్లందర్నీ పిలిచి ఈ వేషాలిచ్చినట్టు. రంగులేమో అన్నీ లేత గులాబీ, లేత నీలం. కాసీ గోళ్లకి ఒక్కో వేలికి ఒక్కో రంగు. వెనక పాప్ పాటలు. సినిమా మొదటి షాట్లో క్లబ్‌లో డాన్స్ చేస్తున్న మగవాళ్ల నడుములు, బెల్టులు, ప్యాంట్లు మాత్రమే క్లోజప్‌లో చూపిస్తారు. మన ఐటమ్ సాంగుల్లో కెమెరా అమ్మాయిల ఒంటి మీద ఎలా తిరుగుతుందో అచ్చం అలాగే, ఇక్కడ ఆఫీసు నుంచి వచ్చిన అంకుల్స్ మీద తిరుగుతుంది. నేను పగలబడి నవ్వా. తర్వాత ఆలోచిస్తే, ఇరవై ఏళ్లుగా టీవీలో వస్తున్న పాటలు మనకి ఎందుకు నవ్వు తెప్పించలేదు అనిపించింది. పైన పటారం, లోన లొటారం అంటారు కదా, ఆ పటారాన్నే ఈ సినిమా ఆయుధంగా వాడుకుంది.

కాసీ ఇదంతా ఎందుకు చేస్తోంది? నీనా కోసం. చిన్నప్పటి నుంచి ప్రాణ స్నేహితురాలు, ఇద్దరూ కలిసే మెడికల్ కాలేజీలో చేరారు. ఒక పార్టీలో నీనా స్పృహలో లేనప్పుడు క్లాస్‌మేట్ అల్ మన్రో ఆమె మీద అఘాయిత్యం చేశాడు. చుట్టూ మిగతావాళ్లు చూస్తున్నారు, ఒకడు వీడియో తీశాడు. నీనా ఫిర్యాదు చేసింది. కాలేజీ పట్టించుకోలేదు. అల్ తరఫు లాయర్ ఆమెను బెదిరించి కేసు వెనక్కి తీసుకునేలా చేశాడు. నీనా చదువు మానేసింది, ఆమెను చూసుకోవడానికి కాసీ కూడా మానేసింది. ఇప్పుడు నీనా లేదు. అల్ డాక్టరయ్యాడు, పెళ్లి చేసుకోబోతున్నాడు.

ఇక్కడ కాసేపు సినిమా ఆపేసి, నా స్నేహితురాలి గురించి చెప్పాలి. తన అనుమతితోనే రాస్తున్నా. రాసింది తనకి పంపా, రెండు లైన్లు తీసేయమంది, తీసేశా.

ఇంటర్‌లో మేమిద్దరం ఒకే సెక్షన్. సెకండ్ ఇయర్ జనవరిలో ఒక డే స్కాలర్ కుర్రాడు తన ఫొటో తీసుకుని, ముఖాన్ని ఇంకెవరిదో ఒంటికి అతికించి, అబ్బాయిల గ్రూపులో పెట్టాడు. ఏదో యాప్‌లో ఐదు నిమిషాల పని. మూడో రోజుకి అది పక్క క్యాంపస్‌కి కూడా వెళ్లింది. తన వయసు అప్పటికి పదహారు దాటి ఎనిమిది నెలలు.

ప్రిన్సిపల్ సార్ ఇద్దరి పేరెంట్స్‌నీ పిలిపించారు. ఆ కుర్రాడు ఏడ్చాడు. వాళ్ల నాన్నగారు చేతులు జోడించారు. జేఈఈకి వారం రోజులు కూడా లేవు. "మా క్యాంపస్‌కి ఓపెన్ కేటగిరీలో ర్యాంకు తెచ్చే పిల్లాడు సార్, పైకొచ్చే కుర్రాడు" అన్నారట సార్, తన వాళ్ల నాన్నతో. తర్వాత, "మీ అమ్మాయిని ఇంటికి తీసుకెళ్లండి, పరీక్షలకి వచ్చి రాస్తే చాలు, అటెండెన్స్ మేం చూసుకుంటాం" అన్నారు. దాన్ని సాయం చేస్తున్నట్టే చెప్పారు. పోలీసుల దాకా ఎందుకండీ, ఆడపిల్ల, మీకే నష్టం అని కూడా చెప్పారు.

తను ఇంటికి వెళ్లిపోయింది. ఆదివారం ఔటింగ్‌లో నోట్సు జిరాక్సు తీయించి కొరియర్‌లో పంపేదాన్ని. ఇంటర్ పాసైంది. జేఈఈ రాయలేదు, ఎంసెట్ రాయలేదు. ఆ కుర్రాడికి ర్యాంకు వచ్చింది. జూన్‌లో మా ఊరి సెంటర్లో ఫ్లెక్సీ కట్టారు. వందల ముఖాల మధ్య వాడి ముఖం, పక్కన ర్యాంకు. అంటే ఆ ఆరు నెలల్లో మా సెక్షన్ నుంచి రెండు ముఖాలు ఊరంతా తిరిగాయి. ఒకటి ఫ్లెక్సీ మీద, ఒకటి ఫోన్లలో.

ఆ నెలలో ఒకే సామెత కనీసం ముగ్గురి నోట విన్నా. "ముల్లొచ్చి ఆకు మీద పడ్డా, ఆకెళ్లి ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకేనమ్మా." చెప్పినవాళ్లెవరూ చెడ్డవాళ్లు కాదు. ప్రేమతోనే చెప్పారు. ఆ సామెత బోటనీ ప్రకారం కరెక్టే. కానీ అది ఎప్పుడూ ఆకుకే చెప్తారు. ముల్లుని కూర్చోబెట్టి ఎవరూ చెప్పరు. కాసీ చేసేదల్లా ఆ సామెతని తిరగేయడం. కావాలని వెళ్లి ముల్లు మీద పడుతుంది, ఇప్పుడు చిరిగేది ఎవరో చూద్దామని.

అల్ పెళ్లి కబురు తెలిశాక కాసీ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్తుంది. మొదట పాత స్నేహితురాలు మ్యాడిసన్. తాగే అలవాటున్న అమ్మాయి చెప్తే ఎవరు నమ్ముతారు అన్నట్టు మాట్లాడుతుంది. తర్వాత కాలేజీ డీన్. ఆవిడకి నీనా పేరే గుర్తులేదు. అల్ మాత్రం బాగా గుర్తున్నాడు, ఈమధ్యే కాలేజీకి వచ్చి స్పీచ్ కూడా ఇచ్చి వెళ్లాడు. ఇలాంటి ఫిర్యాదులు వస్తూనే ఉంటాయని, ప్రతిసారీ ఒక కుర్రాడి జీవితం నాశనం చేయలేం కదా అని చల్లగా అంటుంది. అప్పుడు కాసీ చెప్తుంది, మీ కూతుర్ని తీసుకెళ్లి ఫలానా హాస్టల్ రూమ్‌లో తాగుతున్న అబ్బాయిల దగ్గర వదిలి వచ్చానని. ఒక్క క్షణంలో డీన్ మారిపోతుంది. నిజానికి కూతురు క్షేమంగా వేరే చోట ఉంది. కానీ ఆ కొన్ని నిమిషాలు ఆవిడకి ఆ అబ్బాయిలెవరూ పైకొచ్చే కుర్రాళ్లలా కనిపించరు.

ఈ సీన్ నాకు ఇబ్బందిగానే అనిపించింది. ఏమీ తెలియని ఒక అమ్మాయిని పాచికలా వాడుకోవడం న్యాయమా? కాదు. సినిమా కూడా న్యాయమని చెప్పదు. ఆడవాళ్లయినంత మాత్రాన అమ్మాయి పక్షాన ఉంటారన్న నమ్మకాన్ని మాత్రం తీసి పక్కన పడేస్తుంది.

మూడోవాడు లాయర్. ఇలాంటి కేసుల్లో అమ్మాయిల పాత ఫొటోలు వెతకడమే తమ పని అని, ఒక్క పార్టీ ఫొటో దొరికితే చాలని ఒప్పుకుంటాడు. కానీ ఇతను నిద్రపట్టక కుమిలిపోతున్నాడు. తను చేసింది తప్పని చెప్పే మనిషి సినిమా మొత్తంలో ఇతనొక్కడే. కాసీ ఇతన్ని శిక్షించకుండా క్షమించి వచ్చేస్తుంది. అంటే ఆమెకి కావాల్సింది రక్తం కాదు. జరిగింది జరిగిందని ఒకరు ఒప్పుకోవడం.

ఈ సినిమాలో దాదాపు ఎవరూ ఆ నేరాన్ని దాని పేరుతో పిలవరు. ‘అప్పుడు జరిగిన విషయం’ అంటారు. నేను నవ్వుకోబోయి ఆగా, మన భాషలో ఏమంటామో గుర్తొచ్చి. మానభంగం. అంటే భంగపడింది ఆమె మానం. చేసినవాడి మానానికి ఏమీ కాలేదా? ‘పాడు చేశాడు’ అంటాం. పాడైంది ఆమే. ‘చెడిపోయింది’ అంటాం. ‘జీవితం నాశనమైపోయింది’ అంటాం. కొంచెం నయం ‘అత్యాచారం’, కనీసం ఆచారం చేసినవాడిదే. నేరం ఒకరిది, క్రియాపదం ఇంకొకరిది. కోడ్‌లో ఇలాంటి పొరపాటు ఉంటే కంపైలర్ ఎర్రర్ ఇస్తుంది. మన వాక్యాలు మాత్రం తరతరాలుగా హాయిగా రన్ అవుతున్నాయి.

అమెరికాలో ఏదో అద్భుతంగా ఉంటుందని కాదు. 2015లో స్టాన్‌ఫర్డ్ క్యాంపస్‌లో స్పృహలో లేని ఒక అమ్మాయి మీద దాడి జరిగింది. చేసింది యూనివర్సిటీ ఈత జట్టు కుర్రాడు. 2016లో జడ్జి వేసిన శిక్ష ఆరు నెలలు, అతను జైల్లో ఉన్నది మూడు నెలలు. వార్తల్లో అతని ఈత టైమింగుల గురించి కూడా రాశారు. ఇంత కోపం వచ్చింది జనాలకి, 2018లో ఆ కౌంటీ ఓటర్లు ఓటేసి మరీ ఆ జడ్జిని పదవి నుంచి తీసేశారు. కోర్టులో మారుపేరుతో ఉన్న ఆ అమ్మాయి 2019లో తన కథ తనే పుస్తకంగా రాసి, షానెల్ మిల్లర్ అనే సొంత పేరుతో బయటికొచ్చింది. ఆ పుస్తకం పేరుకి అర్థం, నా పేరు తెలుసుకోండి అని. ఈ సినిమా టైటిల్ చూసినప్పుడల్లా నాకు ఆ కేసే గుర్తొస్తుంది.

మళ్లీ సినిమాలోకి. ఇంత చీకట్లోనూ ఒక ప్రేమకథ ఉంది. ర్యాన్. పిల్లల డాక్టర్, కాసీ పాత క్లాస్‌మేట్. జోకులేస్తాడు, తొందరపడడు, మెడికల్ షాపులో పాటకి పిచ్చి డాన్స్ చేస్తాడు. కాసీ మెల్లగా క్లబ్బులకి వెళ్లడం మానేస్తుంది. నవ్వుతుంది. వాళ్ల అమ్మానాన్నల ముఖాల్లో ఎంత సంతోషమో! హమ్మయ్య, దీనికిక మంచి జరుగుతుంది అని మనమూ కుర్చీలో వెనక్కి వాలతాం. అప్పుడే మ్యాడిసన్ వచ్చి ఆ పాత వీడియో ఉన్న ఫోన్ ఇస్తుంది. మనకి వీడియో చూపించరు. కాసీ ముఖం, వెనక గొంతులు, అంతే. ఆ గొంతుల్లో ఒకటి ర్యాన్‌ది. వాడు ఏమీ చేయలేదు. నిలబడి చూశాడు. నవ్వాడు.

నాకు అల్ కంటే ర్యాన్ మీదే ఎక్కువ కోపం వచ్చింది. మా సెక్షన్ అబ్బాయిల గ్రూపులో ఆ రోజు నూటికి దగ్గరగా ఉన్నారు. ఫొటో చేసింది ఒక్కడే. మిగతా అందరూ ర్యాన్‌లు. వాళ్లలో చాలామంది ఈరోజు మంచి కాలేజీల్లో ఉన్నారు, ఎవరితోనూ గట్టిగా మాట్లాడరు, బస్సులో పెద్దవాళ్లకి సీటిస్తారు. ఒకడు మాత్రం ఆ రాత్రే ఫొటో డిలీట్ చేయండ్రా అని గ్రూపులో పెట్టి, ఎగతాళి పడి, గ్రూపు నుంచి బయటికొచ్చాడు. వాడికి ర్యాంకు రాలేదు. వాడి ఫ్లెక్సీ ఎవరూ కట్టలేదు.

ఇక ముగింపు. ఈ సినిమా చూసినవాళ్లు ఎక్కడ కలిసినా దీని గురించే కొట్టుకుంటారు. అల్ బ్యాచిలర్ పార్టీకి కాసీ నర్సు వేషంలో వెళ్తుంది. అతన్ని మంచానికి బేడీలతో కట్టేస్తుంది. ఇంక మన తెలుగు సినిమా బుర్ర రెడీ అయిపోతుంది: క్లైమాక్స్, బీజీఎం, పగ. కానీ అల్ ఒక చెయ్యి విడిపించుకుంటాడు. దిండుతో ఆమెకి ఊపిరాడకుండా చేసి చంపేస్తాడు. రెండు నిమిషాలకు పైగా, కట్ లేకుండా.  నేను ఫార్వర్డ్ చేయాలని మౌస్ మీద చెయ్యి పెట్టి కూడా చేయలేదు. తెల్లారి ఫ్రెండ్ వచ్చి ‘నీ తప్పేం లేదురా’ అని అల్‌ని ఓదారుస్తాడు, చిన్నపిల్లాణ్ని సముదాయించినట్టు. ఇద్దరూ కలిసి శవాన్ని తగలబెడతారు. సినిమాలో అన్నిటికంటే చేదు జోకు ఇదే.

పగ సీన్ కోసం మనం ఎంత ఆకలిగా ఎదురుచూస్తామో నాకు తెలుసు. 2019 డిసెంబర్ 6న ‘దిశ’ కేసు నిందితులు నలుగురినీ చటాన్‌పల్లి దగ్గర ఎన్‌కౌంటర్‌లో కాల్చేసినప్పుడు మేం ఎనిమిదో తరగతి. టీవీలో జనం పోలీసుల మీద పూలు చల్లుతున్నారు. మా స్కూల్లో చప్పట్లు కొట్టించారు. తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో ఆ ఎన్‌కౌంటర్ కథ నమ్మేలా లేదని రిపోర్టు ఇచ్చింది. ఆ రిపోర్టు గురించి ఏ స్కూల్లోనూ అసెంబ్లీ పెట్టినట్టు నేను వినలేదు. కాల్చేశారు కాబట్టి సమస్య అయిపోయిందని అందరం ఇళ్లకి వెళ్లిపోయాం. పగ తీరితే వచ్చే హాయి అలాంటిది. ఫెనెల్ ఆ హాయిని మన నోటి దాకా తెచ్చి లాగేసుకుంటుంది. నిజంగా ఒక ఒంటరి అమ్మాయి ఒక బలమైన మగాడి గదికి పగ తీర్చుకోవడానికి వెళ్తే ఏం జరుగుతుందో అదే చూపిస్తుంది.

తర్వాత ఒక మలుపు ఉంది. ఇలా జరగొచ్చని కాసీ ముందే ఊహించి, ఆ వీడియో ఉన్న ఫోన్‌ని లాయర్‌కి పంపింది. అల్ పెళ్లి రోజునే పోలీసులు వస్తారు. ర్యాన్ ఫోన్‌కి ముందే టైమ్ పెట్టి ఉంచిన మెసేజ్‌లు వస్తాయి, కాసీ, నీనా ఇద్దరి పేర్లతో. చాలామందికి ఇది నచ్చింది. నాకు సగమే నచ్చింది. సినిమా అంతా ఏ వ్యవస్థనీ నమ్మొద్దని చెప్పి, చివర్లో పోలీస్ సైరన్ వినిపించి సంతోషపడమంటే ఎలా? అదీ కాక, ఒక అమ్మాయి మాట నమ్మడానికి ఇంకో అమ్మాయి శవం కావాల్సి వచ్చింది.

ఈ మాటే మా క్లాస్‌మేట్ ఒకడితో అంటే, "నువ్వు ఒక సైడే చూస్తున్నావ్. ‘కోర్ట్’ సినిమా చూడు" అన్నాడు. 2025లో వచ్చిన మన తెలుగు సినిమా, పంతొమ్మిదేళ్ల కుర్రాణ్ని తప్పుడు పోక్సో కేసులో ఇరికిస్తారు. చూశా. బాగుంది. వాడు చెప్పిందాంట్లో న్యాయం ఉంది, అలాంటి కేసులూ ఉంటాయి. కానీ ఆ సినిమాలో కేసు పెట్టింది ఎవరు? ఆ అమ్మాయి కాదు. పరువు కోసం ఆమె ఇంటి పెద్దాయన. మా ఇంటర్ కాలేజీలో కేసు వద్దన్నది ఎవరు? తను కాదు. పరువు కోసం పెద్దవాళ్లు. కేసు పెట్టినా పెద్దలే, మానినా పెద్దలే. మధ్యలో అమ్మాయిని "ఏం జరిగిందమ్మా, నీకేం కావాలి?" అని అడిగే సీను రెండు చోట్లా ఎంత ఆలస్యంగా వస్తుందో చూడమన్నా. వాడు కాసేపు ఆలోచించి, "ఇది నేను పాయింట్‌గా తీసుకుంటా" అన్నాడు. మా క్లాసులో అంతకంటే పెద్ద ఒప్పుకోలు ఉండదు.

సినిమా గురించి అన్నిటికంటే మంచి విమర్శ నాకు నా స్నేహితురాలి దగ్గర దొరికింది. చూడమని నేను చెప్పలేదు. తనే చూసి ఫోన్ చేసింది.

"నీనా ఎక్కడుందే?" అంది.

నాకు మొదట అర్థం కాలేదు. "సినిమా మొత్తం తన గురించే కదా. ఒక్క సీన్లో కూడా మాట్లాడదు. డీన్ మాట్లాడింది, లాయర్ మాట్లాడాడు, వాళ్లమ్మ మాట్లాడింది. నీనాకి ఏ కూర ఇష్టమో కూడా మనకి తెలీదు. నాకు నీనాలా పోవాలనీ లేదు, కాసీలా చంపించుకోవాలనీ లేదు. ఎంసీక్యూలో రెండే ఆప్షన్లు ఇచ్చారు వీళ్లు. మూడోది ఏది?"

నా దగ్గర సమాధానం లేదు. సినిమా దగ్గరా లేదు. బహుశా అందుకే అది వ్యంగ్యం, పరిష్కారం కాదు.

ఇది రాస్తానంటే తను ఒకే షరతు పెట్టింది. "నా పేరు వద్దు. మారుపేరు కూడా వద్దు. మనవాళ్లు పెట్టే పేర్లు చూడు, నిర్భయ, అభయ... అన్నీ భయం లేని పేర్లే. నాకు ఆ రోజు భయమేసింది. భయమేసిందనే రాయి." రాశా.

మూడో ఆప్షన్ ఏంటో తెలియకపోయినా, అప్పుడు మాకు ఎవరూ చెప్పని కొన్ని విషయాలు ఇక్కడ పెడుతున్నా. మీలో ఎవరికైనా, మీ తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ అయినా పనికొస్తాయి. పద్దెనిమిది లోపు వాళ్ల మీద ఇలాంటిది జరిగితే 2012 పోక్సో చట్టం వర్తిస్తుంది. అందులో 19వ సెక్షన్ ప్రకారం విషయం తెలిసినవాళ్లు పోలీసులకి చెప్పి తీరాలి. సంస్థ నడిపేవాళ్లు చెప్పకపోతే 21వ సెక్షన్ ప్రకారం వాళ్లకే జైలు శిక్ష పడొచ్చు. అంటే "పోలీసుల దాకా ఎందుకండీ" అనే మాట సలహా కాదు. సైబర్ నేరాలకి 1930, పిల్లలకి 1098. పేరు బయటపెడతారేమో అన్న భయం ఉంటే, బాధితురాలి వివరాలు ప్రచురించడమే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం.

మన బ్రాంచి వాళ్లకి నచ్చే సంగతి ఒకటి. ‘టేక్ ఇట్ డౌన్’ అని ఒక ఉచిత సర్వీసు ఉంది, పద్దెనిమిది లోపు తీసిన ఫొటోల కోసం. పెద్దవాళ్లకి ‘స్టాప్ ఎన్‌సీఐఐ’. ఫొటోని ఎక్కడా అప్‌లోడ్ చేయనక్కర్లేదు. మన ఫోన్‌లోనే దాని హ్యాష్ లెక్కగడుతుంది, ఆ హ్యాష్ మాత్రమే వెళ్తుంది. ఇందులో చేరిన ప్లాట్‌ఫామ్‌లు ఆ హ్యాష్‌తో సరిపోలే ఫొటోల్ని వెతికి ఆపుతాయి. డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్‌లో హ్యాషింగ్ చేసినప్పుడు నాకు ఇది ఎవరైనా చెప్పి ఉంటే ఆ యూనిట్ ఇంకొంచెం శ్రద్ధగా చదివేదాన్ని. సొంత ఫోన్లో ఉండే ఫొటోలకి, ప్రైవేటు గ్రూపులకి ఇది పనిచేయదు. అక్కడ పనిచేసేది గ్రూపులో ఉన్న మనిషే.

ఇంకొకటి. 2015 యూజీసీ నిబంధనల ప్రకారం ప్రతి కాలేజీలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. విషయం విద్యార్థులకి సంబంధించిందైతే అందులో విద్యార్థుల ప్రతినిధులు కూడా ఉండాలి, వాళ్లని ఎన్నుకోవాలి. మామూలుగా ఫిర్యాదు మూడు నెలల్లోపు ఇవ్వాలి. మన కమిటీలో ఆ విద్యార్థులు ఎవరో మీకు తెలుసా? నేను మా ఫ్లోర్‌లో పదకొండు మందిని అడిగా. ఇద్దరికి కమిటీ ఉందని తెలుసు. పేర్లు ఎవరికీ తెలీదు. వచ్చే సంచికలో మన క్లబ్ తరఫున ఆ పేర్లు వేయాలని ఎడిటర్‌ని అడిగా, ఒప్పుకుంది.

నా స్నేహితురాలు ఇప్పుడు బీఎస్సీ రెండో ఏడు. మైక్రోబయాలజీ ల్యాబ్ అంటే ప్రాణం. ఇంతకంటే రాయొద్దంది.

సినిమా చూసేవాళ్లకి ఒక్క మాట. వీలైతే అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి చూడండి. మెడికల్ షాపులో ర్యాన్ డాన్స్ చేసే సీన్ దగ్గర పాజ్ కొట్టి, వీణ్ని మనం ఎందుకు నమ్ముతున్నాం అని ఒకర్నొకరు అడగండి. అప్పుడు వచ్చే జవాబుల్ని ఒక కాగితం మీద రాసిపెట్టుకుని, సినిమా అయిపోయాక మళ్లీ చదవండి.